పచ్చ టోపీ దీపం

యాప్రాల్‌లో కొత్త ఇంట్లో చేరిన దగ్గర్నుంచి మా మనవరాలికి బల్లదీపాల పిచ్చి పట్టుకుంది. గోడల్లో, పైకప్పులో, ఆఖరికి మంచం కింద కూడా వెలుగులే ఉన్న ఇంటికి ఇంకా దీపమెందుకే అని నేనంటే, అవి వెలుతురు కోసం కాదు అమ్మమ్మా, అందం కోసం అని నవ్వి, పొద్దుటి నుంచీ ఫోనులో ఒకదాని తర్వాత ఒకటి బొమ్మలు చూపిస్తూనే ఉంది. పాతకాలపువట! నిన్నగాక మొన్న తయారుచేసి, ఇత్తడికి మసి పట్టించి, పాతవని చెప్పి అమ్ముతున్నారు, వీళ్లు ఎగబడి కొంటున్నారు. ఒకటి కోతి ఆకారంలో ఉంది, ఒకటి గ్రామఫోను ఆకారంలో ఉంది, ఒకటేమో గొడుగు పట్టుకున్న కప్ప, ఆ గొడుగు లోపల బల్బు. వీటన్నిటి మధ్య ఆకుపచ్చ గాజు టోపీ పెట్టుకున్న ఒక పొడుగాటి ఇత్తడి దీపం వచ్చింది. "ఇది మస్తుంది కదా అమ్మమ్మా, హాల్లో సోఫా పక్కన పెడ్త" అంది. వద్దన్నాను. ఎందుకో చెప్పమంది. చెబితే గంట పడుతుంది, నీకంత తీరిక ఎక్కడిది అన్నాను, అది నిజమే కాబట్టి ఊరుకుంది. తీరిక ఉన్నవాళ్లు, చిన్నప్పుడు కందిలి గాజును బూడిదతో తుడిచి చేతులు కోసుకున్నవాళ్లు, నా ఈడువాళ్లు మీలో ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే మీకు చెబుతాను.

మాది శామీర్‌పేట. చెరువు వైపు వెళ్తే బెస్తవాళ్ల ఇళ్లు దాటాక ప్రార్థన మందిరం, దాని చుట్టూ మా క్రైస్తవుల ఇళ్లు, వాటిలో అన్నిటికంటే చివరిది మాది. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. మా నాయిన బొల్లారం దండులో ఒక తెల్లదొర బంగళాలో బట్లరు పని చేసేవాడు. వారమంతా అక్కడే, ఆదివారం ఆరాధన వేళకు సైకిలు మీద వచ్చి సాయంత్రానికి మళ్లీ వెళ్లిపోయేవాడు. ఆ బంగళాకు కరెంటు వచ్చి చాలా కాలమైనా, దొరసానికి భోజనాల బల్ల మీద మాత్రం నూనె దీపాలే ఉండాలట, వాటిని తుడవడం, వత్తులు కత్తిరించడం, ఏ దీపం ఎక్కడ పెట్టాలో చూసుకోవడం అంతా నాయిన పని. మాట బహు తక్కువ మనిషి. దొరల ముందు తల ఊపీ ఊపీ అలవాటైన మెడ ఇంట్లో కూడా అలాగే ఊగేది తప్ప, ఇది నాకు ఇష్టం లేదు అని ఆయన నోటి నుంచి ఒక్కసారి కూడా వినలేదు నేను.

నన్ను పెంచింది మా మేనత్త. నాయినకంటే చాలా పెద్దది, చిన్నప్పుడు నాయినను చంకనేసుకుని తిప్పింది కూడా ఆమేనట, అందుకని నాయినకు అక్క అంటే తల్లి కిందే లెక్క. ఆమెను బౌరంపేటలో ఇచ్చారు. పెళ్లయిన కొన్నేళ్లకే మామ పోయాడు, పిల్లలు లేరు, మా అమ్మ పోయినప్పుడు నన్ను చూసుకోవడానికని వచ్చి అలాగే మా ఇంట్లో ఉండిపోయింది. చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పబోయేది వింటే మీకు ఆమె మీద కోపం వస్తుంది, నాకూ వచ్చింది. కానీ నాకు అమ్మవారు పోసినప్పుడు వేపాకు పట్టుకుని నా మంచం పక్కన కూర్చుని, ప్రభువును ఒకవైపు ప్రార్థిస్తూనే బెస్తవాళ్ల అవ్వ చెప్పిన మందులన్నీ చేసింది కూడా ఆమే. నాకు జడ వేస్తూ ఆమె చెప్పే కబుర్లన్నీ బౌరంపేట కబుర్లే. ఇన్నేళ్లయినా అదే తన ఇల్లు అనుకునేది, అక్కడికి తలెత్తుకుని తిరిగి వెళ్లే దారి కోసమే ఎదురుచూసేది.

ఆ దారి నేనే అయ్యాను. ఆమె మరిది, అంటే పోయిన మామ తమ్ముడు, పెళ్లాం చచ్చిపోయి ఇద్దరు చిన్నపిల్లలతో ఉన్నాడు. ఆ పెళ్లాం ఊరికే పోలేదు, దగ్గి దగ్గి, చిక్కి పుల్లయి, ఏళ్ల తరబడి మంచాన పడి పోయింది. నన్ను ఆ ఇంటికి కోడలిగా పంపిస్తే, పిల్లల్ని చూసుకోవడానికి తోడుగా మా అత్త కూడా అక్కడికే వచ్చేస్తుంది, తన ఇంట్లో తను ఉంటుంది, పెంచిన పిల్ల కళ్లముందు ఉంటుంది. ఆమె లెక్కలో ఎవరికీ నష్టం లేదు. నన్ను ఎవరూ అడగలేదంతే.

నేనప్పుడు మేడ్చల్‌లో మిషన్ బడి హాస్టల్లో ఉండి ఏడో తరగతి పాసై వచ్చాను. బడి పక్కనే మిషన్ ఆస్పత్రి. తెల్ల చీరలు కట్టుకుని, నడుముకు బెల్టు పెట్టుకుని, గబగబా నడిచే నర్సమ్మలను కిటికీలోంచి చూసీ చూసీ నాకు లెక్కలు సరిగ్గా రాకుండా పోయాయి. ఆస్పత్రి పెద్ద సిస్టరమ్మ నన్ను పిలిచి, వానలు పడగానే కొత్త పిల్లలకు పాఠాలు మొదలుపెడతాం, మీ నాయిన ఒప్పుకుంటే వచ్చి చేరమంది. ఒప్పుకుంటే అన్న మాట నా చెవికి ఎక్కనే లేదు. ఎగురుకుంటూ ఇంటికొచ్చి, నాయిన లేడు కాబట్టి అత్తకు చెప్పాను.

"ఆస్పత్రిల పడి ఎవలెవలియో పియ్యి ఉచ్చలు ఎత్తుడేందే? నీకేం గతి తప్పిందే?" అని ముక్కు మీద వేలేసుకుంది అత్త. ఆ రోజు నుంచి నన్ను గడప దాటనివ్వలేదు.

మా పక్క అప్పట్లో సంబంధం మాట అనుకున్న పిల్లను ఎండ తగలకుండా ఇంట్లో ఉంచేవాళ్లు, రంగు తేలుతుందని. నేనా, బొగ్గుకు అక్కనే తప్ప చెల్లెల్ని కాను. అందుకని మా అత్త మిగతావాళ్లకంటే గట్టిగా పట్టింది. వేసవి మొదట్లో మొదలైంది నా జైలు. ఒక్క గది ఇల్లు, దానికి చేటంత కిటికీ, ఆ కిటికీలోంచి చూస్తే బెస్తవాళ్లు ఆరేసిన వలలు, వాటి వెనక కట్ట మీద నడిచిపోయే మనుషుల తలలు. పొద్దున నలుగు, మధ్యాహ్నం మీగడ, సాయంత్రం శనగపిండి. నీళ్లకు పోనివ్వదు, పొయ్యి దగ్గరకు కూడా రానివ్వదు, సెగ తగిలితే మొహం కమిలిపోతుందట. గడపలో అడ్డంగా కూర్చుని బియ్యం ఏరుకుంటూ ఉండేది, ఆ బియ్యంలో రాళ్లు ఎన్నటికీ అయిపోయేవి కాదు. కరీంనగరు రోడ్డు మీద బస్సు హారను వినబడితే నా గుండె అటు పరుగెత్తేది, ఒళ్లు మాత్రం చాప మీదే ఉండేది. తిన్నది ఒంటబట్టడం మానేసింది. నెల తిరిగేసరికి గాజులు చేతిమీద నిలవక జారిపోయేవి. అత్త అది చూసి, "సూడు, జెర రంగు తేలింది" అని సంబరపడింది! రంగు తేలడం కాదు, ఒంట్లో రక్తం లేక పాలిపోయాను, ఆ సంగతి ఇంత చదువుకున్నాక ఇప్పుడు చెప్పగలను, అప్పుడు నాకూ తెలియదు.

దానికి తోడు అది తెల్లదొరలు మూటాముల్లె సర్దుకుని పోతున్న ఏడాది. నాయిన దొర కూడా పోతున్నాడు, బంగళా మూసేస్తారు, నాయిన పని పోతుంది. ఆయనకు కొత్త పని దొరికేలోగా పిల్ల పెళ్లి అయిపోతే ఇంటి మీద బరువు తగ్గుతుందని అత్త ఆదివారం ఆదివారం నాయిన చెవిలో పోసేది. నాయిన తల ఊపేవాడు. ఆ తల ఊగినప్పుడల్లా కిటికీ ఇంకాస్త చిన్నదైనట్టు ఉండేది.

ఒకనాడు నాయిన ఎద్దుబండిలో వచ్చాడు. బంగళాలో కరెంటు సామానంతా సికింద్రాబాదు షావుకార్లు పట్టుకుపోయారట, నూనె దీపాలు ఎవరికి కావాలి? నీకు నచ్చినవి తీసుకో అని దొర అంటే, సామాన్ల గదిలో మూడింటిని ఏరుకుని గడ్డిలో చుట్టి తెచ్చాడు. మా ఇంట్లో అప్పటిదాకా ఉన్నది ఒకే ఒక్క పొగచూరిన కందిలి. ఆ మూడూ చాప మీద నిలబెడితే దొరబిడ్డలు దారితప్పి వచ్చినట్టు ఉన్నాయి. మొదటిదానికి తెల్ల పింగాణీ అడుగు, పైన గులాబీ రంగు గాజు బుడగ, ఆ బుడగ అంచులు పూరేకుల్లా మడతలు పడి ఉన్నాయి. రెండోది పొడుగాటి ఇత్తడి కాడ, పక్కన నూనె పోసే బుర్ర, పైన పచ్చ గాజు టోపీ, దొర రాసుకునే బల్ల మీదిది. మూడోది చూసి అత్త కెవ్వుమంది. గుడ్లగూబ! తెల్ల గాజుతో చేసిన గుడ్లగూబ, లోపల వత్తి వెలిగిస్తే దాని కళ్లు ఎర్రగా మెరుస్తాయి. పిల్లలు నవ్వుతారని దొరసాని సీమ నుంచి తెప్పించిందట.

"అవుతల పారెయ్ తమ్మీ దాన్ని, గది ఇంట్ల ఉంటె పిల్లకు పెండ్లయితదా?" అని అత్త గోల. నాయిన పారెయ్యలేదు, అటక మీద పెట్టాడు. నాకు మాత్రం ఆ మూడింట్లో అదే నచ్చింది, నాలాగే కళ్లు తెరుచుకుని ఎటూ పోలేక కూర్చున్నది అదొక్కటే. నచ్చినా నచ్చకపోయినా నా మాట ఎవడు విన్నాడు గనక.

యుద్ధం అయిపోయినా గాసునూనెకు ఇంకా కంట్రోలే, అందుకని అన్నీ వెలిగించి చూసే ఆడంబరం లేదు. చీకటి పడగానే గులాబీ దీపం ఒక్కటే వెలిగించారు. నన్ను దాని పక్కన కూర్చోబెట్టి, అత్త ఎదురుగా కూర్చుని చూసి, రెండు చేతులతో నా మొహం పట్టుకుని, "మా పిల్లేనా! తెల్లదొరసాని లెక్కనే ఉంది గద" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. చేతి అద్దంలో నన్ను నేను చూసుకుని నేనే నోరెళ్లబెట్టాను. ఆ గులాబీ వెలుతురులో నా బుగ్గలు నిండుగా ఉన్నాయి, కళ్ల కింద గుంటలు మాయమయ్యాయి, నలుపు ఎటు పోయిందో పోయింది. అక్కడికక్కడే తీర్పు అయిపోయింది: గులాబీది ఇంటికి, పచ్చది బైబిలు వాక్యం చదువుకోవడానికని మందిరంలో పాస్టరు అయ్యగారికి, గుడ్లగూబ అటక మీదికి.

అత్త ఆ దీపాన్ని అంత ముద్దుచేయడానికి కారణం ఉంది. మా వాళ్లలో మగవాళ్లు పగలంతా దండులోనో పొలాల్లోనో ఒకరి దగ్గర పనిలో ఉండేవాళ్లు కాబట్టి పిల్లను చూడ్డానికి సాయంత్రమే వచ్చేవాళ్లు. వచ్చిన వెంటనే పిల్లను చూపించరు. ముందు ఇంట్లో ప్రార్థన. దీపం పెడతారు, అందరూ చాపల మీద కూర్చుంటారు, అయ్యగారు పాట ఎత్తుకుంటారు, పాట అయ్యాక పెళ్లికూతురు కావలసిన పిల్ల దీపం ముందు కూర్చుని వాక్యం చదవాలి. గొంతు ఎట్లా ఉంది, అక్షరాలు వచ్చా, ఒళ్లు ఎట్లా ఉంది, మొహం ఎట్లా ఉంది, అన్నీ ఆ చదివే కాసేపట్లోనే చూసుకుంటారు. ఆమేన్ అనేదాకా ఎవరూ లేవకూడదు, దీపం జరపకూడదు. పెళ్లిచూపులకు ఏ దీపం పెడితే ఆ దీపమే పిల్ల అన్నమాట.

మర్నాడు అత్త నీళ్లకు పోయినప్పుడు నాయిన ఒక్కడే కూర్చుని దీపాల గాజులు తుడుస్తున్నాడు. ఆ ఎండాకాలం మొత్తంలో మేమిద్దరం ఒంటరిగా ఉన్నది అప్పుడే. "నాయినా, నేను మేడ్చల్ పోత. నర్సు చదువుకుంట" అన్నాను. నాయిన తుడిచిన గాజునే మళ్లీ తుడిచాడు. "అక్కను కాదని నేనేమంట బిడ్డా" అన్నాడు, నా వైపు చూడకుండా. అంతే, అత్త బిందె చప్పుడు వినబడింది. నాకు ఆ క్షణంలో అత్త మీదకంటే నాయిన మీదే మండింది. ఈయనకు నోరెందుకిచ్చాడా దేవుడు అనుకున్నాను. ఇక నా పని అయిపోయింది, ఆ ఇద్దరు పిల్లల ముక్కులు తుడుస్తూ బౌరంపేటలో ముసలిదాన్నైపోతాను, ఈ చేటంత కిటికీకి బదులు ఇంకో చేటంత కిటికీ అని గట్టిగా తెలిసిపోయింది.

ఆ తర్వాతి ఆదివారాలు పచ్చ దీపాన్ని మందిరానికి ఎప్పుడిస్తావురా అని అత్త అడిగితే, వత్తి పట్టడం లేదనో, బుర్ర కారుతోందనో, నాయిన ఏదో ఒకటి చెబుతూ వచ్చాడు. బౌరంపేటవాళ్లు రావలసిన రోజు రానే వచ్చింది. అప్పటికే మబ్బులు కమ్ముతున్నాయి, మేడ్చల్‌లో పాఠాలు మొదలవడానికి ఎన్నో రోజుల్లేవు. అత్త పొద్దుటి నుంచే గులాబీ దీపంలో నూనె పోసి, వత్తి సరిచేసి, గాజును కొత్త గుడ్డతో తుడిచి, ఎవరి చెయ్యీ తగలకుండా గది మూలన చెక్క పెట్టె మీద పెట్టింది. దీపం పట్టుకొచ్చే పని మాత్రం నాయినదే, బట్లరు ఇంట్లో ఉండగా ఇంకొకరు దీపం పట్టుకొస్తే ఏం బాగుంటుంది.

చీకటి పడే వేళకు బండి దిగారు. పెళ్లికొడుకు తల ఎత్తలేదు, పాపం ఆయనకూ ఇష్టముందో లేదో ఎవరికి తెలుసు. వచ్చినవాళ్లలో లెక్కలోకి వచ్చేది ఒక్కరే, ఆయన తల్లి. మా అత్తకు అత్తగారు. ఎముకలు లెక్కపెట్టే చూపు ఆమెది. పెద్దకోడలు ముండమోసింది, చిన్నకోడలు మంచాన పడి పోయింది, ఇంకో రోగిష్టిదాన్ని ఇంటికి తెచ్చుకోనని ఊరంతా చెప్పుకుందట. అందరూ చాపల మీద కూర్చున్నారు. అయ్యగారు గొంతు సవరించుకున్నారు. నాయిన భుజం మీద తెల్ల తువ్వాలు వేసుకుని, బంగళాలో ఎట్లా నడిచేవాడో అట్లా నిటారుగా లోపలి మూల నుంచి దీపం పట్టుకుని వచ్చి నా ముందున్న చిన్న బల్ల మీద పెట్టాడు.

పచ్చ టోపీ దీపం.

అత్త నోరు తెరిచింది. అప్పటికే అయ్యగారు పాట ఎత్తుకున్నారు. ప్రార్థన మధ్యలో లేవడం మా వాళ్లలో ఎంత తప్పో చెప్పాను కదా. చుట్టాల ముందు, అత్తగారి ముందు, దేవుని ముందు ఆమె కూర్చున్న చోటే కూర్చుని ఉండిపోయింది. ఆ పాటకు ఎన్ని చరణాలో నాకు గుర్తులేదు కానీ అన్ని చరణాలూ ఆమె నాయిననే చూసింది. నాయిన కళ్లు మూసుకుని ఉన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. పుస్తకం మీద తెల్లటి వెలుతురు చక్కగా పడుతోంది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, చదివాను. ఎట్లాగూ నా బతుకు ఇంతేనన్న ఏడుపుతో గొంతు వణికింది, మధ్యలో ఒకసారి దగ్గు కూడా వచ్చింది. తలెత్తి చూస్తే ముసలామె ముందుకు వంగి నన్ను చూస్తున్నదల్లా మెల్లగా వెనక్కి జరిగింది.

ఆమేన్ అనగానే ఆమె మా అత్త చెవిలో చెప్పాననుకుంది కానీ అందరికీ వినబడింది. "పోరి మొకం పీనుగ లెక్కుంది గదనే. దగ్గుతాంది గూడ. మల్ల గసొంటిదాన్నే మా నెత్తిన రుద్దుదామనుకుంటివా?" అది రోగం కాదు, దీపం అని అత్త ఎట్లా చెబుతుంది? మా దీపం మంచిది కాదు, ఇంకో దీపం కింద చూడండి అంటే ఇంకా అనుమానం. రాత్రికి ఉండి, వండిన కోడికూర తిని, పొద్దున్నే పోవలసినవాళ్లు మంచినీళ్లు కూడా ముట్టకుండా, తూంకుంటలో ఎవరో చుట్టాలున్నారని చెప్పి బండి కట్టించుకున్నారు. వాళ్లు పోయాక గది మూల చూశాను. గులాబీ దీపం చెక్క పెట్టె మీద అత్త పెట్టింది పెట్టినట్టే ఉంది, నిండా నూనెతో, కత్తిరించిన వత్తితో, దానికి ఏ లోపమూ లేదు.

అత్త నన్ను ఏమీ అనలేదు. నాయినను కూడా అనలేదు, దానికే నాకు భయం వేసింది. కూర దించి, ముగ్గురికీ వడ్డించి, తను తినకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

వారం తిరగకముందే, ఫలానా వాళ్ల పిల్లకు క్షయ అని ఊళ్లో పుకారు. అప్పుడు నాయిన, ఎన్నడూ ఏదీ తనంత తాను అనని మనిషి, "పిల్లను మేడ్చల్ ఆస్పత్రిల చూపిచ్చుకొస్త" అన్నాడు. దానికి అత్త కాదనలేదు, రోగం లేదని తేలడం ఆమెకూ కావాలి కదా. తొలకరి చినుకుల్లో నాయిన సైకిలు వెనక కూర్చుని మేడ్చల్ పోయాను. ఎన్ని నెలల తర్వాతో వాన చుక్క మొహం మీద పడితే ఏడుపొచ్చింది. డాక్టరమ్మ రొమ్ముకు గొట్టం పెట్టి విని, కనురెప్పలు తిప్పి చూసి, రోగం గీగం ఏమీ లేదు, రక్తం లేదు, ఈ పిల్లను ఎవరు చీకట్లో పెట్టారు, ఎండలో తిప్పండి, గుడ్లు పెట్టండి అని నాయినను కేకలేసింది. నాయిన తల ఊపాడు. పెద్ద సిస్టరమ్మ నన్ను గుర్తుపట్టి, పాఠాలు మొదలయ్యాయి, వచ్చేశావా అంది. నేను నాయిన మొహం చూశాను. ఆయన మళ్లీ తల ఊపాడు, సైకిలు హ్యాండిలుకు కట్టుకొచ్చిన మూట విప్పి నా చేతికిచ్చాడు. అందులో నా బట్టలన్నీ ఉన్నాయి. ఆస్పత్రికి చూపించుకుని సాయంత్రానికి తిరిగి రావలసిన పిల్లకు అన్ని బట్టలెందుకో అని అప్పుడు కూడా నాకు తట్టలేదు, పిచ్చిదాన్ని, సంతోషంలో ఉన్నాను.

తట్టింది రెండో ఏడాదిలో. వార్డులో సిస్టరమ్మ రాసుకునే బల్ల మీద అచ్చం అలాంటి పచ్చ టోపీ దీపమే ఉండేది. ఒక సాయంత్రం, బిడ్డకు మందు కోసం వచ్చిన ఒక బలమైన రైతు పడుచు, మూడు పూటలా జొన్నరొట్టె తిని రాయిలా ఉన్న మనిషి, ఆ బల్ల మీదికి వంగి ఏదో అడిగింది. నేను ఆమె మొహం చూసి హడలిపోయి, నీకేమైందమ్మా అని చెయ్యి పట్టుకున్నాను. ఆమె వెనక్కి తగ్గగానే మామూలైపోయింది. మళ్లీ వంగితే, ఆ టోపీ గాజులోంచి వచ్చే పచ్చ వెలుతురు మొహం మీద పడి, మళ్లీ శవం. చేతిలో మందు సీసా పట్టుకుని ఆ వార్డు మధ్యలో అట్లాగే నిలబడిపోయాను.

సెలవుకు ఇంటికి పోయినప్పుడు నాయినను అడిగేశాను. అప్పటికి ఆయన ఎవరి బంగళాలోనూ లేడు, మందిరంలో చిల్లర పనులు చేసుకుంటున్నాడు. నన్ను చూడకుండా, "మా దొరసాని ఒక్కనాడు గూడ చుట్టాల ముంగట పచ్చ దీపం పెట్టనియ్యలె బిడ్డా" అన్నాడు. అన్నం తిన్నవా అని అడిగాడు. నాకు కాళ్ల మీద పడి ఏడవాలనిపించింది కానీ మా ఇళ్లలో అట్లాంటివి అలవాటు లేదు, తిన్న నాయినా అన్నాను.

ఆ అన్నం వడ్డించింది అత్తే. అప్పుడు చూశాను, మొదటిసారి కళ్లు తెరిచి చూశాను. ఆమె ఆయన ముందు పళ్లెం పెట్టింది, నీళ్లు పెట్టింది, ఒక్క మాట లేదు. ఆయన తిన్నాడు, లేచాడు, మాట లేదు. నేను పోయిన సాయంత్రం నాయిన ఒక్కడే సైకిలు మీద తిరిగి వచ్చినప్పటి నుంచీ అంతేనట. అత్తకు అన్నీ ఆ పాట మధ్యలోనే తెలిసిపోయాయి. బౌరంపేట తలుపు ఆమెకు శాశ్వతంగా మూసుకుపోయింది, పోవడానికి ఇంకో ఇల్లు లేదు, నాయినకూ లేదు. ఆ ఒక్క గదిలో, ఆ చేటంత కిటికీ ఇంట్లో, పెంచిన మనిషి ఒకరు, ఆ చేతి ముద్ద తిన్న మనిషి ఒకరు, ఏళ్లకేళ్లు అట్లా ఒకరి ఎదురుగా ఒకరు కూర్చుని ఉన్నారు. నేను నర్సునయ్యాను, అదే ఆస్పత్రిలో కాంపౌండరును పెళ్లి చేసుకున్నాను, పిల్లలు పుట్టారు, బస్సెక్కి ఎక్కడెక్కడికో తిరిగాను. నన్ను బయటికి తోసి నా చోట్లో నాయిన కూర్చున్నాడని పండక్కి పోయినప్పుడల్లా అనిపించేది, వచ్చే దారంతా దిగులు.

నాయిన ఒక వానాకాలంలో పోయాడు, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, ఆయన పద్ధతిలోనే. ఆ తర్వాత అత్తను నా క్వార్టర్సుకు తెచ్చుకున్నాను. వద్దంటూనే వచ్చింది, నా పిల్లలకు జడలు వేసింది, బౌరంపేట కబుర్లు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చివరి రోజుల్లో ఒకసారి నేను ఆమె కాళ్లకు నూనె రాస్తుంటే తనంత తానే ఎత్తింది ఆ మాట. "ఎత్తుకొని పెంచిన నేను వాన్ని. నన్ను ఒక్కమాట అడగకపాయె. వద్దక్కా, పిల్ల సదువుకుంటదట అంటె నేనేమన్న మింగుతుంటినా? రెండు దినాలు ఏడ్సి ఊకుందును గద" అంది. కోపంగా అనలేదు. ఆశ్చర్యంగా అంది, ఇన్నేళ్లూ అదే ఆలోచిస్తున్నట్టు.

నిజంగా ఊరుకునేదో లేదో నాకు తెలియదు. ఇప్పటి పిల్లలు నాకిష్టం లేదు అని ఎంత తేలిగ్గా అంటారో! కూర నచ్చలేదంటారు, ఉద్యోగం నచ్చలేదంటారు, చేసుకోబోయేవాడు నచ్చలేదని అన్నం తింటూ తింటూ అనేసి మజ్జిగ కలుపుకుంటారు. ఆ పొగరు చూస్తే ఒక్కోసారి నాకు చిర్రెత్తుతుంది, ఒక్కోసారి లేచి వెళ్లి వాళ్ల నెత్తిన ముద్దు పెట్టుకోవాలనిపిస్తుంది. మా కాలంలో ప్రేమ ఉన్న ఇళ్లలోనే ఆ మాటకు చోటు లేకపోయింది. అత్త ఆ రోజు అన్నది నాయినకు చెప్పి, అక్క మింగేది కాదట నాయినా అనాలని ఎంత ఆశపడ్డానో. కానీ అప్పటికి నాయిన పోయి రెండేళ్లయింది.